మదాం పెరాషోన్ కుందేలు

మా సంతలో క్యారెట్లు కొన్న ప్రతివాళ్ళనీ నేను అడిగే మాట ఒకటుంది: "ఆకు ఉంచనా, తీసెయ్యనా?" చాలామంది తీసెయ్యమంటారు. బస్సులో కూర్చున్నప్పుడు సంచిలోంచి ఆకు బయటికి వేలాడుతుంటే వాళ్ళకు నామోషీ. కట్టను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మెలితిప్పి, ఆ పచ్చటి జుట్టంతా బల్ల కింద చెక్కపెట్టెలో పడేస్తాను. ముల్లంగి ఆకూ అంతే, బీట్‌రూట్ ఆకూ అంతే, క్యాబేజీ పైరేకులూ అంతే. మధ్యాహ్నం సంత ముగిసేసరికి పెట్టె నిండుతుంది. ఆ పెట్టె కోసం వచ్చేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళందరూ చెప్పేది ఒకటే: "కుందేళ్ళకండీ."

ఒకప్పుడు అది నిజమే. మా సంత జరిగే దెసీన్, లియోన్ నగరానికి తూర్పు శివారు. ఇక్కడ నకిలీ పట్టు మిల్లు నడిచిన రోజుల్లో మిల్లువాళ్ళ ఇళ్ళ వెనక తలా ఒక తోటముక్క ఉండేది. ప్రతి తోటలోనూ ఒక కుందేళ్ళ గూడు ఉండేది. ఇటలీనుంచి వచ్చినవాళ్ళు, ఆర్మీనియావాళ్ళు, మావాళ్ళు, అందరూ పెంచేవాళ్ళు, అందరూ ఆవాల ముద్ద పట్టించి వండుకునేవాళ్ళు. తర్వాత మిల్లు మూతపడింది. తోటలున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. కుందేళ్ళు పోయాయి గానీ మాట మిగిలింది. ఇప్పుడు కుందేళ్ళకని ఆకు పట్టుకెళ్ళేవాళ్ళలో సగం మందికి కుందేలు లేదు. మేమెవరం ఆరా తియ్యం. అది మా సంత మర్యాద.

నా పేరు సోలాంజ్. మా పొలం నది అవతల, పడమటి కొండల్లో ఉంది. పండించడం మా ఆయన పని, అమ్మడం నా పని. ఆయన మెత్తటి మనిషి, బేరానికి పనికిరాడు. నాకు నోరుంది. బీన్స్ విరిచి చూసేవాళ్ళనీ, టమాటా నొక్కి చూసేవాళ్ళనీ వాళ్ళ చేతులు ఇంట్లో పెట్టి రమ్మంటాను. నా నోటికి జడిసి కొందరు పక్క బల్లకు పోతారు, పోనీ.

ఇప్పుడు చెప్పబోయే ఆవిడ అసలు పేరు రాయడానికి నాకు మనసొప్పలేదు. పెరాషోన్ అనేది నేను పెట్టిన పేరు. మదాం పెరాషోన్ మా ఊరి సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. హాలు మూసేసి టైర్ల దుకాణం పెట్టి చాలా ఏళ్ళయింది గానీ, నా వయసువాళ్ళకు ఆవిడ ఇంకా ఆ కిటికీలోనే ఉంటుంది. దువ్విన జుట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, గాజు వెనకనుంచి "మీకెన్ని కావాలండీ" అనే గొంతు. చీమిడి ముక్కు పిల్లాణ్ణి కూడా మీరు అనే మనిషి. మంగలి షాపు నడిపే మొగుడు బతికినంతకాలం దర్జాగా ఖర్చుపెట్టాడు. ముందు సంగతి ఆలోచించలేదు. పోయేటప్పుడు ఆవిడకు కత్తెరలూ అద్దాలూ మిగిల్చాడు.

ఆయన ఉన్న రోజుల్లో ఆవిడ పొద్దున్నే వచ్చేది, సంత రద్దీగా ఉన్నప్పుడు. రెండు లీక్ కాడలు, ఒక క్యారెట్ కట్ట, ఒక చిన్న సెలరీ దుంప. "ఆకు ఉంచండి సోలాంజ్, సూప్‌లోకి," అని అందరూ వినేలా చెప్పేది. ముల్లంగి ఆకు సూప్ మేమూ చేసుకుంటాం. ఓ బంగాళాదుంప, కాస్త వెన్న, చివర్లో ఓ గరిటె మీగడ పడితే దానికి వంకపెట్టేవాళ్ళు లేరు. కానీ అదేం చిత్రమో, చేతిలో డబ్బున్నప్పుడు ఆకు సూప్ రుచి అవుతుంది, లేనప్పుడు అదే ఆకు గుట్టవుతుంది.

మొగుడు పోయిన చలికాలం ఆవిడ పొద్దున్న రావడం మానేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, టార్పాలిన్లు విప్పుతున్న వేళ, లిప్‌స్టిక్ వేసుకుని, బూడిదరంగు కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

"సోలాంజ్, ఆ పెట్టెలో ఆకులు మీరు పారేస్తారా?"

"పారేస్తానండి. కావాలా?"

"నాక్కాదు. కుందేలొకటి తెచ్చుకున్నాను. ఒక్కదాన్నే ఉంటే తోచదుగా."

"మంచిపని చేశారు. తీసుకెళ్ళండి."

ఆవిడ పెట్టె మీదికి వంగింది. చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, ఒక్కో కట్టా దులిపి సంచిలో సర్దుకుంది. తర్వాత తల ఎత్తి అడిగింది: "లీక్ కాడల పైన పచ్చటి భాగం ఉంటుంది చూశారూ, అది కూడా ఉందా? మాదానికి అదంటే ప్రాణం."

నేను నడక నేర్చిందే కుందేళ్ళ గూళ్ళ మధ్య. లీక్ ఉల్లిజాతిది. కుందేలుకు ఉల్లి పడదు, తింటే జబ్బుచేసి చస్తుంది. కుందేలు పెంచినవాళ్ళెవరూ లీక్ ఆకు అడగరు. మాట నోటిదాకా వచ్చింది. నేను మాట మింగిన సందర్భాలు నా జన్మలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అది ఒకటి. "ఉంది, ఎందుకు లేదు," అని లీక్ ఆకులన్నీ పోగేసి ఇచ్చాను. పై ఆదివారం నుంచి పచ్చటి భాగాన్ని కాస్త కిందికి కొయ్యడం మొదలుపెట్టాను, ప్రతి ఆకుకూ జానెడు తెల్లకాడ అంటుకుని ఉండేలా.

అలా మొదలైంది మా ఇద్దరి భాగోతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాళ్ళను చాలామందిని చూశాను. లేని కుందేలుకు నాలుగు కాళ్ళూ, రెండు చెవులూ, ఒక పేరూ పెట్టిన మనిషిని మాత్రం ఈవిడనే చూశాను. దాని పేరు రాణి. దానికి అభిప్రాయాలు కూడా ఉండేవి.

"పోయిన వారం కాలీఫ్లవర్ రేకులు రాణికి నచ్చలేదండీ. ముదిరిపోయాయంది."

"మీ రాణీగారికి చెప్పండి, వాన లేక ముదిరాయి. మీగడలో వేసి పెట్టమనండి, మెత్తబడతాయి."

"చెబుతాను. ఆ టర్నిప్ మాత్రం బాగుందట."

టర్నిప్ దుంప ఆకుల్లోకి ఎలా వచ్చిందని ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. దెబ్బతిన్న బంగాళాదుంపలు, వంకర క్యారెట్లు, రంగు మారిన ఆపిళ్ళు, అన్నీ ఆకుల కింద దాక్కుని ఆ సంచిలోకి వెళ్ళేవి. ఒకసారి రాణికి పంటినొప్పి వచ్చింది. గట్టివి నమల్లేకపోతోందని ఆవిడ చెంప మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. నేను ఉడికించి అమ్మే బీట్‌రూట్ రెండు కాగితంలో చుట్టి ఇచ్చాను. ఉడికించిన బీట్‌రూట్ తినే కుందేలు ఏ దేశంలో ఉంటుందో నాకు తెలీదు. "చాలా థాంక్సండీ, రాణి తరఫున," అంది. ఆ వారమంతా నాకు తలుచుకున్నప్పుడల్లా నవ్వొచ్చేది, నవ్వుతూనే ఆవిడకోసం ఇంకో రెండు పక్కన పెట్టాను.

మనుషులు ఏమైనా అంటారు. తినడానికి లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఆ లిప్‌స్టిక్ ఎందుకని ఒకరిద్దరు నా దగ్గరే మూతి విరిచారు. వాళ్ళకు ఆ రోజు కుళ్ళిన ఉల్లిపాయలు తూచాను. లిప్‌స్టిక్ ఉన్నంతసేపు ఆవిడ ఆకులు అడుక్కునే ముసలిది కాదు, కుందేలుకు మేత తీసుకెళ్ళే మదాం పెరాషోన్. ఆ ఒక్కటి పోతే ఆవిడకు ఇంకేమీ లేదు. ఆ సంగతి నాకు అర్థమైంది కాబట్టే నా నోరు నేను కట్టేసుకున్నాను.

నా బల్లకు ఎదురుగా రెజీస్ బల్ల ఉంటుంది. కోళ్ళు, బాతులు, కుందేళ్ళు, ప్రాణంతోనూ అమ్ముతాడు, కోసి శుభ్రం చేసీ అమ్ముతాడు. నాకంటే పదేళ్ళు చిన్న. పీపాలాంటి ఒళ్ళు, పీపాలో మాట్లాడినట్టు గొంతు. మనసు మంచిది, కానీ ఆ మంచితనం కూడా పెద్ద గొంతుతోనే చేస్తాడు.

"మదాం, మీ రాణి ఎప్పుడొస్తోంది నా బల్ల మీదికి? ఇన్నాళ్ళు మేపారు, ఆవాలు నేనిస్తాను," అని అరిచేవాడు.

"మీరు మనిషి కాదండీ రెజీస్," అనేది ఆవిడ, నిజంగానే నొచ్చుకుని. ఆ నొచ్చుకోవడం చూసి రెజీస్ పూర్తిగా నమ్మేశాడు. పాపం వాడి తప్పేముంది, వాడికి లీక్ ఆకుల సంగతి తెలీదు. నేను ఆకులు ఇచ్చేటప్పుడు వాడు వీపు తిప్పుకుని పంజరాలు కడుగుతుండేవాడు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఫిబ్రవరిలో ఆవిడ వరసగా కొన్ని ఆదివారాలు రాలేదు. ఫ్లూ అని ఎవరో అన్నారు. వచ్చిననాడు కోటు తొడుక్కున్నట్టు లేదు, కొక్కేనికి తగిలించినట్టుంది. సంచి కూడా తేలేదు.

"రాణి ఎలా ఉందండీ?" అన్నాను. మా ఇద్దరి భాషలో అదొక్కటే అడగ్గలిగింది.

ఆవిడ కాసేపు క్యారెట్ల వైపు చూసింది. "పోయింది సోలాంజ్."

చేతిలో ఉన్న కట్ట బల్ల మీద పెట్టేశాను.

"పోవడమేంటండీ, బాగానే ఉండేదిగా."

"ముసల్దైపోయింది. తినాలనిపించడం మానేసింది. తిననిదాన్ని ఏం చేస్తాం. ఇక ఆకులు అక్కర్లేదు, అది చెప్పి పోదామని వచ్చాను."

"అలా మాట్లాడకండి. తీసుకెళ్ళండి, ఇవిగో, లేత ముల్లంగి ఆకులు."

"ఎవరికి?" అంది.

"మీకే" అంటే ఇన్నేళ్ళ గుట్టు బట్టబయలు. అనకపోతే మనిషే దక్కేలా లేదు. నేను ఏదో ఒకటి అనేలోపే ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎదురుగా రెజీస్ చేతిలో నీళ్ళ గొట్టం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మొత్తం విన్నాడు. వాడి కళ్ళు తడిశాయి. అది చూసే నాకు భయం వేసి ఉండాల్సింది.

పై వారం ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈసారి రెజీస్ పిలిపించాడు కాబట్టి. పక్క బల్లలో చీజ్ అమ్మే మార్తీన్‌ను ఆవిడ ఇంటికి పంపి, ముఖ్యమైన పనుంది రమ్మన్నాడు. సంత ముగిసే వేళ అందర్నీ పోగుచేశాడు. నాకు చెప్పలేదు, ఆశ్చర్యపడాలని. బండి వెనకనుంచి ఒక పంజరం తీసుకొచ్చి నా బల్ల మీద, ఆవిడ ముందు పెట్టాడు. కొత్త గడ్డి, కొత్త నీళ్ళ గిన్నె, తలుపుకు నీలం రిబ్బను. లోపల బూడిదరంగు ఆడకుందేలు, పడుచుది, ముక్కు ఎగరేస్తూ కూర్చుంది.

"మదాం, సంతవాళ్ళందరి తరఫునా," అన్నాడు రెజీస్. "దీన్ని ఎవరూ తినరు. నేను మాటిస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. మార్తీన్ ఒక ఎండుగడ్డి మోపు కూడా ఇచ్చింది. మదాం పెరాషోన్ ముఖంలో రక్తం చుక్క లేదు, లిప్‌స్టిక్ ఒక్కటే మిగిలింది. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. ఏదైనా చెయ్యమనే చూపు అది. నేనేం చెయ్యను? పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, అక్కడున్నవాళ్ళందరూ మంచివాళ్ళే, అదే కష్టమైంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. అది నా కడుపైతే చించుకునేదాన్నేమో, ఆవిడది చించే హక్కు నాకు లేదు.

"మీరందరూ చాలా మంచివాళ్ళండీ," అంది ఆవిడ, టికెట్ల కిటికీ గొంతుతో. "ఎలా మోసుకెళ్ళను, లిఫ్టు పాడైంది."

"నేనుండగా మీరు మొయ్యడమేంటి," అని రెజీస్ పంజరం ఎత్తాడు.

"వద్దండీ. కిందదాకా చాలు."

"నాలుగో అంతస్తు నాకో లెక్కా. పదండి పదండి."

ఆవిడ వెనక వాడు, వాడి భుజం మీద పంజరం, సందు మలుపు తిరిగి పోయారు. నేను తూకం రాయి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

తిరిగొచ్చినప్పుడు వాడి గొంతు లేదు. మూగవాడిలా పంజరాలు సర్దాడు, కత్తులు కడిగాడు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

"పాత గూడెక్కడుంది, దాన్ని తీసి ఇది పెడతానన్నాను," అన్నాడు. "గూడు లేదు. గడ్డిపరక లేదు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళూ ఆకులూ ఉన్నాయి. నీ ఆకులు, సోలాంజ్, ఎప్పుడో ఎండబెట్టి దాచుకున్నవి. బీరువాలో ఉప్పు డబ్బా ఉంది, అంతే. ఆవిడ గబగబా వచ్చి బీరువా తలుపు మూసింది."

"మూసింది కదా. నువ్వు చూళ్ళేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించి."

వాడు తల పట్టుకున్నాడు. "ఒక్క మాట అనుంటే నాతో."

"అంటే ఏం చేసేవాడివిరా? కుందేలు బదులు కోడి ఇచ్చేవాడివి. అదీ రిబ్బను కట్టి, అందరి ముందూ."

"కోడైతే తినేది కదే."

"తినేది కాదు. చచ్చేది."

"సహాయం చేసేవాళ్ళు లేరా ఈ ఊళ్ళో? ఊరికే తిండి పంచే చోటుంది, మునిసిపాలిటీ ఉంది. వెళ్ళి చెబుతాను రేపు."

"చెప్పరా. చెప్పి, వాళ్ళు వచ్చి తలుపు కొట్టినప్పుడు ఆవిడ ఏ మొహంతో తలుపు తీస్తుందో చూసి రా."

వాడు నన్ను ఓ బూతు మాట అన్నాడు. నేను వాణ్ణి రెండన్నాను. ఇద్దరికీ కోపం ఒకరి మీద ఒకరికి కాదు. చివరికి వాడు ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. సంతలో వాడి నోటికి తాళం పడ్డ సంగతి అందరికంటే ముందు కోళ్ళకు తెలిసి ఉంటుంది.

మరుసటి ఆదివారం మదాం పెరాషోన్ సంచితో వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కుందేలు పుణ్యమా అని మళ్ళీ ఆకులకు వచ్చిందిగా, ఇద్దరికి సరిపడా వేస్తే సరి అనుకున్నాను. క్యారెట్ ఆకులు వేశాను, క్యాబేజీ రేకులు వేశాను, వాటి కింద నాలుగు బంగాళాదుంపలు వేశాను. అలవాటుగా లీక్ ఆకులు కూడా వెయ్యబోయాను.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "అవొద్దండీ."

"రాణికి ప్రాణం కదండీ."

"రెజీస్ మెట్లెక్కుతూ చెప్పారు, ఏమేం పెట్టాలో ఏమేం పెట్టకూడదో. ఉల్లిజాతి అసలు పెట్టకూడదట. చచ్చిపోతుందట. కుందేళ్ళు పెంచేవాళ్ళలో అది తెలీనివాళ్ళుండరన్నారు."

నేను లీక్ ఆకులు మళ్ళీ పెట్టెలో పడేశాను.

"మీ ఇంట్లో కుందేళ్ళున్నాయి కదా సోలాంజ్."

"ఉన్నాయండి."

"ఎప్పట్నించి?"

"మా తాత నాటినుంచి."

ఆవిడ తలూపింది. అబద్ధం ఆడే మనిషిని కాదు నేను, కానీ ఆ క్షణంలో మా పొలాన్నీ, కుందేళ్ళనూ, మా తాతనూ కూడా లేవని చెప్పగలిగితే బావుండుననిపించింది. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి బంగాళాదుంపలు ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద వరసగా పెట్టింది. ఆకులు మాత్రం ఉంచుకుంది. కుందేలు నిజంగా ఉంది మరి, దానికి మేత కావాలి. "కుందేలుకు ఇవి చాలండీ," అంది. ఆవిడ వెళ్ళేటప్పుడు వీపు నిటారుగా ఉంది. నేను బల్ల వెనక స్టూలు మీద కూర్చుండిపోయాను. క్యాబేజీ ధర ఎంతని ఎవరో అడిగితే నీకెందుకన్నాను.

అప్పట్నించి నేను ఏమిచ్చినా అది ముష్టే. నాకు తెలుసని తెలియనంతకాలం ఆవిడ తినగలిగింది. తెలిశాక తినలేకపోయింది. ప్రతి ఆదివారం వచ్చేది, ఆకులు తీసుకునేది, ఆకుల కింద ఏమైనా ఉంటే తీసి బల్ల మీద పెట్టేది. మేమిద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. రెజీస్ ఓసారి కోడి కాళ్ళూ మెడలూ పొట్లం కట్టి, "పిల్లికండీ" అన్నాడు. "నాకు పిల్లి లేదండీ," అంది ఆవిడ, మర్యాదగా.

ఆవిడ ఉండే అంతస్తులోనే, ఎదురింట్లో హూరియా ఉంటుంది. అల్జీరియావాళ్ళు. పొద్దున్న ఆఫీసులు ఊడుస్తుంది, ఆదివారం నా దగ్గర కొత్తిమీర కొంటుంది. పెద్దమ్మా పెద్దమ్మా అని ఆవిడ వెనకే తిరిగేది. "సోలాంజ్, గిన్నె పట్టుకెళ్తే తిన్నానమ్మా అంటుంది," అని నాతో చెప్పుకుంది. "తలుపు సందులోంచి చూస్తే కుందేలు మాత్రం సోఫా మీద కూర్చుని తింటుంటుంది. అది బలుస్తోంది, ఆవిడ కరిగిపోతోంది. నాకు అర్థం కాదా ఏంటి." హూరియాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఏప్రిల్‌లో మదాం పెరాషోన్ మెట్ల మీద పడిపోయింది. చేతిలో ఆకుల సంచి ఉంది. తుంటి విరిగిందన్నారు. కానీ డాక్టరమ్మ హూరియాను పక్కకు పిలిచి అడిగింది తుంటి గురించి కాదు, ఈవిడ ఇంట్లో ఏం తినేదని.

గురువారం పొలం పని మా ఆయనకు వదిలేసి ఆస్పత్రికి వెళ్ళాను. కిటికీ పక్క మంచంలో ఉంది. లిప్‌స్టిక్ లేకుండా ఆవిడ పెదవులు చూడడం అదే మొదటిసారి. పాలిపోయి, సన్నగా, ఎవరివో పెదవుల్లా ఉన్నాయి. ట్రేలో భోజనం పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం కిటికీలోంచి కార్లు ఆపే స్థలం చూశాం.

"నవ్వుకునేదానివా?" అంది.

ఆవిడ నన్ను నువ్వు అనడం నేను ఎన్నడూ వినలేదు. ఎవర్నీ అనగా వినలేదు.

"రాణి మాటలకు నవ్వుకునేదాన్ని," అన్నాను. "మిమ్మల్ని చూసి ఎప్పుడూ నవ్వలేదు. ఆ కాలీఫ్లవర్ ముదిరిందన్నప్పుడు కోపం కూడా వచ్చింది."

"ముదిరింది నిజంగానే."

"ముదిరిందిలెండి."

ఆవిడ దుప్పటి అంచు సవరించుకుంది. "ఎంతమందికి తెలుసు?"

నాకు ఏడుపొచ్చింది. చావు బతుకుల్లో ఉన్న మనిషికి కావాల్సింది అదొక్కటే.

"నాకు."

"రెజీస్?"

"వాడు వంటింట్లోకి వచ్చాడు గానీ ఏమీ చూళ్ళేదండి. వాడికి ఈకలున్నవి తప్ప ఏవీ కనబడవు."

"హూరియా?"

"దానికేం తెలుసండీ. ఏమీ తెలీదు."

అన్నాక చూశాను, గుమ్మంలో హూరియా నిలబడి ఉంది. గుడ్డలో చుట్టిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఎంతసేపయిందో. నా వైపు చూడలేదు. లోపలికొచ్చి, అప్పుడే వచ్చినదానిలా చలి గాలిని తిట్టింది.

"పెద్దమ్మా, నాకో సాయం చెయ్యాలి," అంది. "మాకు రంజాన్ నడుస్తోంది. రాత్రి కుండెడు సూప్ కాశాను, సగం మిగిలింది. పిల్లలు ముట్టరు, నేను ఉపవాసం. అన్నం పారబోస్తే మాకు పాపం. నువ్వు రెండు చెంచాలు తాగి నా పాపం తగ్గించు."

మదాం పెరాషోన్ దాని ముఖంలోకి చూసింది. హూరియా కళ్ళు దించలేదు. దాని ఉపవాసం పెదవుల మీద కనబడుతోంది, పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా తాగని పెదవులు.

"పారేస్తావా?"

"పారెయ్యక ఏం చెయ్యను."

"అయితే ఇలా తే."

హూరియా చెంచాతో పట్టింది. ఆవిడ మెల్లగా తాగింది, కూర్చోబెట్టిన పిల్లలా. సగం గిన్నెదాకా వెళ్ళి చాలంది. తర్వాత సంచిలోంచి లిప్‌స్టిక్ తీసిమ్మని నన్ను అడిగింది. అద్దం లేకుండానే సరిగ్గా వేసుకుంది.

ఆ సూప్ ఆవిణ్ణి బతికించలేదు. ఇన్నేళ్ళ ఆకలికి అర గిన్నె ఏం సరిపోతుంది? శనివారం తెల్లవారుజామున పోయిందని హూరియా ఫోన్ చేసింది. రెజీస్ ఉతికిన చొక్కా వేసుకుని చర్చికి వచ్చాడు, అందరికంటే వెనక నిలబడ్డాడు. కుందేలును వాడే తీసుకెళ్ళాడు. ఇంతవరకూ అమ్మలేదు.

ఆ తర్వాత ఆదివారం నేను బల్ల సర్దుతుంటే మార్తీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మంచిదే గానీ, ఏదీ తెలియకుండా ఉండలేదు.

"పాపం పెరాషోన్ గారు," అంది. "నాకో అనుమానం సోలాంజ్. మనం ఇచ్చిందంటే సరే, అంతకుముందు నిజంగానే కుందేలుండేదా? నాలుగో అంతస్తులో కుందేలేంటి? ఆస్పత్రిలో చేసే మా మరదలు ఏదో అంటోంది, తిండి లేక..."

"ఉండేది," అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశాను. రాణి దాని పేరు. నీలాగే ప్రతిదానికీ వంకలు పెట్టేది."

మార్తీన్ నమ్మీ నమ్మనట్టు నిలబడింది. ఎదుటి బల్లనుంచి రెజీస్ గొంతు వినిపించింది, చాలా వారాల తర్వాత.

"నేనూ చూశాను," అన్నాడు, కోడిని కాగితంలో చుడుతూ. "పాత గూడు తీసి కొత్తది పెట్టింది నేనేగా. అంత బాగా మేపిన కుందేలు ఈ శివార్లలో ఎక్కడా లేదు."

మార్తీన్ అయితే సరేలే అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. రెజీస్ నా వైపు చూడలేదు, నేనూ వాడి వైపు చూడలేదు. కోడి కొన్నాయన చిల్లర కోసం ఎదురుచూస్తున్నాడు.